హీట్‌సింక్ చల్లగానే ఉంది, మాస్‌ఫెట్ పోతోంది!

ప్రశ్న: గురువుగారూ, మా మావయ్య ఈ-ఆటో మీద మైక్‌సెట్ తిప్పుతాడు. 48 వోల్టుల బ్యాటరీ నుంచి 12 వోల్టులు, 40 ఆంపియర్లు ఇచ్చేలా 100 కిలోహెర్ట్జ్ బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) కట్టాను. పరీక్ష కోసం పెట్టిన డమ్మీ లోడ్ 15 ఆంపియర్లు దాటగానే మాస్‌ఫెట్ (కరెంటుని ఆన్-ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) టప్‌మంటోంది. మూడు పోయాయి. దాని వేడి లాగే లోహపు పలక, అదే హీట్‌సింక్ మాత్రం చల్లగానే ఉంటోంది. ఇంకా పెద్ద మాస్‌ఫెట్ వేయనా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: వద్దు బాబూ, నాలుగోదీ పోతుంది. నువ్వు పంపిన ఫొటోలో బోర్డు ఒకచోట, ఇన్‌పుట్ కెపాసిటర్ ఇంకోచోట, మధ్యలో జానెడు ఎర్ర తీగ. దొంగ అక్కడే ఉన్నాడు. విజయనగరం గంటస్తంభం దగ్గర కొట్టు పెట్టిన కొత్తలో ఈ తప్పే చేసి డబ్బాడు మాస్‌ఫెట్లు కాల్చుకున్నాను.

48ని 12 చేయాలంటే డ్యూటీ, అంటే మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండే సమయం, 25 శాతం. 40 ఆంపియర్ల లోడ్‌కి నష్టాలు కలుపుకున్నా బ్యాటరీ సగటున ఇచ్చేది 11 ఆంపియర్లే. కానీ మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్న ఆ పావువంతు సేపూ మొత్తం 40 లాగుతుంది, మిగతా ముప్పావూ సున్నా. సెకనుకి లక్షసార్లు ఇదే తంతు. తీగకి ఇండక్టెన్స్, అంటే కరెంటుని ఒక్కసారిగా ఆగనివ్వని గుణం, సెంటీమీటరుకి సుమారు 10 నానోహెన్రీలు ఉంటుంది. రానూపోనూ కలిపి నీది 100కి తగ్గదు. 15 ఆంపియర్లు 20 నానోసెకన్లలో ఆగితే వోల్టేజీ క్షణంలో 75 వోల్టులు పైకెగురుతుంది, అదే స్పైక్. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 52 వోల్టులూ కలుపు. నీ మాస్‌ఫెట్ తట్టుకునేది 100 వోల్టులే! వేడెక్కే టైమ్ ఎక్కడిది దానికి?

కెపాసిటర్‌ని మాస్‌ఫెట్‌కి ఆనించి పెట్టు. 100 వోల్టుల సిరామిక్ కెపాసిటర్లు అతి దగ్గరగా, ఎలక్ట్రోలిటిక్‌లు వాటి పక్కన. పూర్తి లోడ్‌లో ఆ కెపాసిటర్ల మీద 17 ఆంపియర్ల రిపుల్ (ఎగుడుదిగుడు కరెంటు) పడుతుంది, ఒక్కటి తట్టుకోదు. నన్నడిగితే 20 ఆంపియర్ల చొప్పున రెండు బక్‌లు కట్టి, ఒకదాని తర్వాత ఒకటి ఆన్ అయ్యేలా 180 డిగ్రీల తేడాతో నడుపు. రిపుల్ 10కి దిగుతుంది. ఒక్కోదానికి 15 మైక్రోహెన్రీల కాయిల్, 23 ఆంపియర్లు దాటినా శాచురేట్ కానిది, అంటే కోర్ నిండిపోయి పని మానేయనిది. కింద డయోడ్ బదులు కూడా మాస్‌ఫెటే వెయ్యి. డయోడయితే 15 వాట్లు వేడికే తగలేస్తుంది.

ఇంకోటి. బ్యాటరీ వైపున్న పై మాస్‌ఫెట్ షార్టయితే 48 వోల్టులూ తిన్నగా మైక్‌సెట్ ఆంప్లిఫయర్‌లోకి పోతాయి. బ్యాటరీ దగ్గర 20 ఆంపియర్ల ఫ్యూజు, అవుట్‌పుట్‌లో 15 వోల్టులు దాటితే షార్ట్ చేసి ఆ ఫ్యూజు ఎగరగొట్టే ఎస్‌సీఆర్ (ఒకసారి ఆనైతే పట్టి ఉంచే స్విచ్) లేకుండా మావయ్య చేతికివ్వకు. తర్వాత నిన్నెవరూ కాపాడలేరు!

ముందు 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు ఎనిమిది ప్యారలల్‌లో కట్టు, 40 ఆంపియర్లు లాగుతాయి. గంటసేపు వెలిగాకే ఆంప్లిఫయర్ తగిలించు.