రాత్రి బడి తెరిచే ముందు

బుజ్జమ్మకు పెద్దమ్మ దీవెనలు.

గొడవ జరిగిన ఊళ్లో రాత్రి బడి పెడుతున్నామని, మొదటి నెలంతా 'శాంతి, సామరస్యం' పాఠాలేనని రాశావు. అవి పక్కన పెట్టు తల్లీ. కొట్టుకున్నవాళ్లను కూర్చోబెట్టి కలిసుండమంటే, నీ ముందు తలూపి ఇంటికెళ్లి నవ్వుకుంటారు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు నేను రామాలయం అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. పల్లె నుంచి, అంటే దళితవాడ నుంచి, ఒక్కరూ రాలేదు. ఎందుకు రారో నాకు తట్టనే లేదు చూడు! చర్చి దగ్గర పెడితే ఊళ్లోవాళ్లు రారు. చివరికి మధ్యలో ఉన్న ఎలిమెంటరీ స్కూలు వరండా కుదిరింది.

తర్వాత నీళ్లు. అప్పట్లో టీ కొట్టులోనే రెండు రకాల గ్లాసులు. నేను ఒకే కుండ, ఒకే గ్లాసు పెట్టాను. కొందరు ఇంటి నుంచి చెంబులు తెచ్చుకున్నారు. నేనేమీ అనలేదు. అని ఉంటే చెంబులతోపాటు మనుషులూ రావడం మానేసేవారు. ఎండలు ముదిరాక ఒకావిడ చెంబు మర్చిపోయి వచ్చింది. కాసేపు కుండకేసి చూసి, గ్లాసు అంచును కొంగుతో గట్టిగా తుడిచి, ఎత్తిపోసుకుని తాగింది. ఆ తుడవడం మానడానికి ఇంకో నెల పట్టింది.

పాఠం మాత్రం అందరికీ అవసరమైనదై ఉండాలి. మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి, ఇది మన ఇంటి సంగతే కదా అనుకుని సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగొచ్చి కొట్టే మొగుడు ఏ వీధిలో లేడు చెప్పు? ఇప్పుడైతే బ్యాంకు పాస్‌బుక్కు, డ్వాక్రా వడ్డీ లెక్క, ఉపాధి పని మస్టరు చదవడం నేర్పు. పల్లె నుంచి ఒకరు, ఊరి నుంచి ఒకరు చొప్పున జతగా కూర్చోబెట్టి, ఒకరి లెక్క ఇంకొకరితో సరిచూయించు. చదువు చెప్పేవాళ్లూ చెరో వైపు నుంచి ఉండాలి.

బడి కాస్త నిలబడ్డాక పెద్దమనుషులు వస్తారు. "అందరూ కలిసిపోయారుగా, ఆ అట్రాసిటీ కేసు కూడా రాజీ చేయించమ్మా" అంటారు. ఆ మాట నీ నోట రానివ్వకు. కారంచేడులో దళితులను చంపిన ఘోరం జరిగిన నాలుగేళ్లకు, 1989లో ఆ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఊరికే రాలేదు. దెబ్బలు తిన్నవాళ్ల కేసు వాళ్లిష్టం. నువ్వు అందులో వేలు పెట్టావని తెలిసిందా, మర్నాటి నుంచి పల్లె పలకలు నీ వరండాకు రావు.

నాట్లప్పుడు ఎవరూ రారు, టెన్షన్ పడకు. కుండ మాత్రం పెద్దది కొను.

మీ పెద్దమ్మ