లారీ ట్యాంకులో వాడేసిన నూనె పోయొచ్చా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, నాది 2006 మోడల్ ఆరు టైర్ల లారీ, పిడుగురాళ్ల నుంచి సున్నం లోడు వేస్తుంటా. మా ఊళ్ళో బజ్జీల బండ్ల దగ్గర, మిక్చర్ చేసేవాళ్ళ దగ్గర కాగిన నూనె డబ్బాలకొద్దీ దొరుకుతోంది. గుడ్డలో వడగట్టి డీజిల్లో సగానికి సగం కలిపేస్తే బండి బాగానే లాగుతుంది అంటున్నాడు మా డ్రైవర్. నిజమేనా? డీజిల్ ఖర్చుకి కిస్తీ కూడా మిగలట్లేదు.

జవాబు: లాగుతుంది తమ్ముడూ, ఆ మాట నిజమే, అందుకే ఇంతమంది దీంట్లో దిగి దెబ్బ తింటున్నారు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లోనే ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు, కాబట్టి నూనెతో ఇంజిన్ తిరగడం అనేది కొత్త సంగతేం కాదు. ఎన్నాళ్ళు తిరుగుద్ది అన్నదే అసలు విషయం.

వడగడితే పోయేది చెత్త మాత్రమే. బజ్జీ పిండి, మాడిన కారప్పొడి పోతాయి, నూనె చిక్కదనం పోదు కదా. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే లెక్క) ఉండాలని రూలు, వంటనూనె అదే వేడి దగ్గర 30 నుంచి 40 దాకా ఉంటుంది, పదిసార్లు కాగిన నూనె ఇంకా చిక్కగా ఉంటుంది. అంత చిక్కటిది ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర పొగమంచులా చీలదు, ధారలాగా పడుద్ది, సగం కాలి సగం కాలక నాజిల్ మొన మీద బొగ్గు కడుతుంది, రింగులు పట్టేస్తాయి. కాలకుండా మిగిలింది బోరు గోడల మీదుగా దిగి ఇంజిన్ అడుగున ఉండే చాంబర్‌లో ఇంజిన్ ఆయిల్‌తో కలుస్తుంది. చాలామందికి తెలియని భాగం ఇదే. ఆ నూనె అక్కడ వేడికి గడ్డకడుతుంది. మా షెడ్డుకి ఒకసారి ఒక టిప్పర్ వచ్చింది, డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ రాలేదు, చాంబర్ దింపి చూస్తే లోపల జున్ను లాగా పేరుకుపోయి ఉంది, బేరింగులు పోయాయి, క్రాంక్ గీసుకుపోయింది. ఆ బండి ఓనరు రెండేళ్ళలో డీజిల్ మీద మిగుల్చుకున్నదంతా ఆ ఒక్క రిపేరులో పోయింది, ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీది పాత ఇన్‌లైన్ పంపు (ప్లంజర్లు అనే చిన్న కడ్డీలు వరసగా ఉండి డీజిల్‌ని నెట్టే పంపు) బండే కదా, దానికి పద్ధతిగా చేసే దారి ఒకటి ఉంది. నూనెకి వేరే ట్యాంకు పెట్టి, డీజిల్ మీద స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ నీళ్ళ వేడితోనే నూనెని 70, 80 డిగ్రీలకి కాచి అప్పుడు దాని మీదకి మార్చాలి, బండి ఆపే ముందు మళ్ళీ డీజిల్‌కి మార్చి లైన్లన్నీ కడిగినట్టు కాసేపు నడిపి అప్పుడు ఆపాలి. నూనెని వారాల తరబడి నిలవబెట్టి తేర్చాలి, చివర్లో 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్ దాటించాలి, గుడ్డ వడపోత దీనికి అసలు పనికిరాదు. నీళ్ళున్నాయో లేదో చూడాలంటే వేడి పెనం మీద రెండు చుక్కలేసి చూడండి, చిటపటమంటే నీళ్ళున్నట్టే, ఆ నీళ్ళే ప్లంజర్లని తుప్పు పట్టిస్తాయి. ఇంజిన్ ఆయిల్ కూడా మామూలు కంటే బాగా ముందే మార్చాలి. పైగా బండిలో ఇలాంటి మార్పు చేస్తే బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు పట్టుకునేది ముందు దాన్నే. ఇంత తతంగం, ఇంత రిస్కు లెక్కేసుకుంటే రోజూ కిరాయికి తిరిగే బండికి ఇది గిట్టదు, నా మాట విని వదిలేయండి. ముందు నాజిళ్ళు పంపు రూమ్‌లో (డీజిల్ పంపులు బాగుచేసే షాపులో) చెక్ చేయించి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, టైర్ల గాలి సరిచూసుకుని మైలేజీ ఎంతొస్తుందో చూడండి.

ప్రశ్న: కాలిన ఇంజిన్ ఆయిల్‌ని మెషీన్‌లో తిప్పి 1 మైక్రాన్ దాకా ఫిల్టర్ చేశాం, డీజిల్లో కలుపుకోవచ్చు అని ఒకాయన డ్రమ్ములు అమ్ముతున్నాడు. చూస్తే కాస్త తేటగానే ఉంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. వంటనూనె సంగతి వేరు, దీని సంగతి వేరు. ఆ నలుపులో ఉండే మసి రేణువులు చాలావరకు 1 మైక్రాన్ కంటే చిన్నవి, ఫిల్టర్ దాటి వచ్చేస్తాయి. ఇంకా జింకు, కాల్షియం, ఫాస్ఫరస్ లాంటివి కంపెనీ వాళ్ళు కావాలనే ఆయిల్లో కలిపినవి, అవి కరిగిపోయి ఉంటాయి, పాలల్లో చక్కెరని గుడ్డతో వడగట్టగలమా చెప్పండి. అవి కాలితే బూడిద అవుతాయి, ఆ బూడిద వాల్వుల మీద, నాజిళ్ళ మీద కూర్చుంటుంది, మిగిలింది పొగగొట్టం లోంచి రోడ్డు మీద పిల్లల ముక్కుల్లోకి పోతుంది. వాడిన ఆయిల్ 2016 రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థం, రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి, వాళ్ళు దాన్ని మళ్ళీ బేస్ ఆయిల్‌గా (కొత్త ఇంజిన్ ఆయిల్‌కి మూల సరుకుగా) శుద్ధి చేస్తారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీల మీద కూడా వాడిన ఆయిల్‌ని రీసైకిల్ చేయించే బాధ్యత పెట్టారు. కలపడానికని మీకు అమ్ముతున్నాడంటే ఆయన దగ్గర ఏ కాగితం లేనట్టే.

ప్రశ్న: బీఎస్ 6 (కొత్త కాలుష్య రూల్స్) బండికి కాగిన నూనె కొంచెంగా, పది శాతం కలిపితే?

జవాబు: ఒక్క లీటరు కూడా వద్దు. ఆ బండ్లలో ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైల్ అనే పైపులో ప్రెషర్ 1600 బార్ పైనే ఉంటుంది, పాత నాజిళ్ళలాగా 200, 250 కాదు. ఇంజెక్టర్లు పోతాయి, వెనకాల పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ మూసుకుపోతుంది, వారంటీ కూడా పోయినట్టే.

ప్రశ్న: నమస్కారమండీ. రాజమండ్రిలో స్వీట్లు, హాట్లు చేసే షాపు మాది. మిగిలిన నూనెని ఒకతను వచ్చి లారీలకని చెప్పి కొనుక్కెళ్తున్నాడు. మంచి రేటే ఇస్తున్నాడు కానీ నాకెందుకో అనుమానంగా ఉంది.

జవాబు: మీ అనుమానం సరైందేనమ్మా, అడిగినందుకు చాలా సంతోషం. లారీలకని చెప్పి తీసుకెళ్ళి రంగు విరిచి మళ్ళీ రోడ్డు పక్క బండ్లకే అమ్మేవాళ్ళు ఉన్నారు, అంటే అది తిరిగి మన పిల్లల కడుపులోకే వస్తుంది. 2018 జూలై 1 నుంచి వంటనూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని ఫుడ్ సేఫ్టీ రూలు. అదే ఏడాది ఆగస్టులో రూకో అని మొదలుపెట్టారు, వాడిన నూనెని బయోడీజిల్‌కి పంపే పథకం అది. వేపుళ్ళకి రోజుకి 50 లీటర్లు దాటి వాడే షాపులు రిజిస్టరు రాయాలి, అనుమతి ఉన్న ఏజెన్సీకే నూనె ఇవ్వాలి. మీ దగ్గరికొచ్చే అతన్ని ఆ అనుమతి కాగితం చూపించమనండి, ప్రతిసారీ రసీదు తీసుకోండి, చూపించకపోతే నూనె ఇవ్వకండి, రేటు కొంచెం తగ్గినా పర్లేదు.

బయోడీజిల్ అంటే ఊరికే వడగట్టిన నూనె కాదు. నూనెకి మిథనాల్, కాస్టిక్ కలిపి వేడి చేస్తే గ్లిజరిన్ అడుగుకి దిగిపోతుంది, పైన తేలేది డీజిల్ లాగా పల్చగా ఉంటుంది, దాన్ని కడిగి ఆరబెట్టి పరీక్ష చేశాకే డీజిల్లో కలుపుతారు. ఇంట్లో చేద్దామని మాత్రం ఎవరూ దిగొద్దు, మిథనాల్ విషం, పైగా దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనపడదు. 2030కి డీజిల్లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 బయోఫ్యూయల్ పాలసీలో పెట్టుకున్నారు, మీ షాపు నూనె వెళ్ళాల్సింది ఆ బయోడీజిల్ తయారుచేసే చోటికే. అక్కడ తయారైతేనే పైన రాసిన తమ్ముడి లారీకి కూడా అది పనికొచ్చేది.

ఒక చిన్న జాగ్రత్త: నూనె బాగా చల్లారాక జల్లెడ పట్టి, పొడిగా ఉన్న డబ్బాలో పోసి మూత పెట్టండి, గిన్నెలు కడిగిన నీళ్ళు అందులో పడనివ్వకండి. తడి కలిసిన నూనెకి ఏజెన్సీ వాళ్ళు రేటు తగ్గిస్తారు.