వంతెన భయానికి హిప్నాసిస్ పనిచేస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 31 ఏళ్లు. పుట్టిల్లు పాలకొల్లు. రెండేళ్లుగా దారిలో గోదావరి మీదున్న చించినాడ వంతెన ఎక్కేసరికి గుండె దడదడలాడుతోంది, అరచేతులు తడిసిపోతున్నాయి, బస్సు ఆపించి దిగిపోవాలనిపిస్తోంది. అమ్మావాళ్లింటికి వెళ్లడమే మానేశాను. రాజమండ్రిలో ఒకాయన హిప్నాసిస్‌తో పోగొడతానని, పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమని అన్నారు. గత జన్మలో నీళ్లలో మునిగి పోయి ఉంటానని కూడా చెప్పారు. మా ఆయన కట్టేద్దామంటున్నారు. అత్తగారేమో ‘పుట్టింటికి వెళ్లకపోవడానికి అసలు కారణం అప్పుడు బయటపడుతుందిలే’ అంటున్నారు. నాకు ఆ మాటకే ఎక్కువ భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి భయం సంగతి. హిప్నాసిస్ నిద్ర కాదు, మత్తూ కాదు. ఒళ్లు వదులై, ధ్యాసంతా ఒకచోట నిలిచే స్థితి. ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటో హారన్ వినపడుతూనే ఉంటాయి. చెప్పకూడదనుకున్నది చెప్పరు, వద్దనుకుంటే కళ్లు తెరిచి లేచి వచ్చేయగలరు. నిజాలు కక్కించే సాధనం కాదది. పైగా ఆ స్థితిలో పాత సంగతులు తవ్వితే జరగనివి కూడా జరిగినట్టే తోస్తాయి. జ్ఞాపకం సరైనదవదు, సరైనదేనన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది. అందుకే గత జన్మ ఊసెత్తిన చోటికి మళ్లీ వెళ్లకండి, డబ్బు కట్టకండి. రిజిస్టరైన నిపుణుల దగ్గర మీరు చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అత్తగారు అడిగారని చెప్పేయడానికి వీల్లేదు.

హిప్నాసిస్ వల్ల ఉపయోగం లేదని కాదు. పేగుల ఇబ్బంది ఐబీఎస్‌లో, సూదులు, ఆపరేషన్ల ముందు ఉండే ఆందోళనలో అది బాగానే తోడ్పడుతుంది. సిగరెట్ మాన్పించడంలో అంత గట్టి ఆధారం లేదు. మీలాంటి భయానికి అసలు చికిత్స మాత్రం వంతెన దగ్గరికి మెట్టు మెట్టుగా వెళ్లడమే. హిప్నాసిస్ ఆ మెట్లు ఎక్కడానికి ఊతం.

సిట్టింగ్ సుమారు 45 నిమిషాల నుంచి గంట. మొదటిసారి చాలామటుకు మాటలే: ఎప్పుడు మొదలైంది, ఎక్కడెక్కడ వస్తుంది, ఏ మందులు వాడుతున్నారు. ఆ తర్వాత ఒక చోట చూపు నిలపమని, ఊపిరి నిదానంగా వదలమని, కాలివేళ్ల నుంచి ముఖం దాకా ఒళ్లు వదులు చేయమని చెబుతారు. చేతులు బరువెక్కినట్టో తేలినట్టో ఉంటుంది. అప్పుడు మీకు హాయిగా ఉండే చోటును ఊహించుకోమంటారు. ఇక్కడే ఒక పొరపాటు జరిగే వీలుంది. మన వైపు అందరికీ చెప్పినట్టు గోదావరి ఒడ్డు, పడవ అంటే మీకు హాయి కాదు, దడ వస్తుంది. ‘నీళ్ల బొమ్మ వద్దండీ, మా కొబ్బరితోట చెప్పండి’ అని ముందే అనండి. ఆ హాయి నిలిచాక వంతెన దాటుతున్నట్టు ఊహింపజేసి, చివర్లో అంకెలు లెక్కపెట్టి మామూలు స్థితికి తెస్తారు. లేచిన పావుగంట దాకా స్కూటీ నడపకండి. ‘నాకు ఆ స్థితి వచ్చిందా, రాలేదా’ అని లోపల పరీక్షించుకుంటూ కూర్చుంటే మాత్రం రాదు. కొందరికి ఎంత చేసినా అంతగా రాదు, అది వాళ్ల తప్పు కాదు.

ఇక వంతెన పని. భయాన్ని సున్నా నుంచి పదిదాకా కొలుచుకోండి. మొదట ఫోన్‌లో వంతెన వీడియో, తర్వాత వంతెనకు మీ వైపున్న దిండి ఒడ్డున నిలబడి చూడటం, ఆ తర్వాత ఆటోలో మీ ఆయనతో, చివరకు ఒంటరిగా బస్సులో. ఒక మెట్టు దగ్గర అంకె సగానికి దిగేదాకా ఉండాలి. మధ్యలో పారిపోతే భయం ముదురుతుంది. వంతెన కాసేపట్లో అయిపోతుంది కాబట్టి ఒక్కసారి దాటితే భయం దిగే వ్యవధి దొరకదు. ఆటో మాట్లాడుకుని ఒకే పూట అటూ ఇటూ ఆరేడుసార్లు తిరగండి. కళ్లు మూసుకుని దాటకండి. మూసుకోబట్టే బతికానని మనసు అనుకుంటుంది. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నాలుగైదు సిట్టింగుల తర్వాత కూడా మొదటి మెట్టు దాటలేకపోతే పద్ధతి మార్చమనండి. పదికి ముందే కట్టొద్దనడం అందుకే.

వెళ్లేముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చూపించుకోండి, దడకు అవీ కారణం కావచ్చు. ఫిట్స్ ఉన్నా, లేని మాటలు వినిపిస్తున్నా హిప్నాసిస్ జోలికి పోకుండా ముందు సైకియాట్రిస్టును కలవండి. క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, గదిలో తోడుగా ఆడమనిషి కావాలంటే మొహమాటపడకండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోన్‌లోనే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆయనకు ఈ జవాబు చదివించండి. ఆటోలో పక్కన కూర్చుని ‘ఏం కాదులే’ అనక్కర్లేదు. దాటిన ప్రతిసారీ ‘ఇప్పుడెంత?’ అని అడిగి, మీరు చెప్పిన అంకె కాగితం మీద రాస్తే చాలు.