ప్రాజెక్టులో ఎర్రర్ వస్తే ఆన్‌లైన్‌లో సాయం ఎలా అడగాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. రొయ్యల చెరువుల నీటి వివరాలతో పైథాన్ ప్రాజెక్టు చేస్తుండగా ఎర్రర్ వచ్చింది. ఆన్‌లైన్‌లో సాయం అడిగితే, ప్రశ్న అసంపూర్ణమంటూ మూసేశారు. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. మళ్లీ అడగాలంటే అవమానంగా ఉంది. ఇంకోపక్క జూనియర్లు రాత్రిపూట కూడా వాట్సాప్‌లో కోడ్ పంపమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: మీరు పంపిన పాత ప్రశ్నను చదివాను. కోడ్ పనిచేయడం లేదని, అర్జంటని చెప్పే ఒక వాక్యం, ఫోన్‌తో తీసిన ల్యాప్‌టాప్ తెర ఫొటో తప్ప అందులో మరేమీ లేవు. దాన్ని మూసివేయడం మిమ్మల్ని కించపరచడానికి కాదు. అక్కడ జవాబులు రాసేవారిలో ఎక్కువమంది తమ ఉద్యోగం చూసుకుంటూ, జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు రాసేవారు. ఫొటోలోని కోడ్‌ను వారు కాపీ చేసుకుని నడిపి చూడలేరు. భీమవరంలోని ఆక్వా ల్యాబుకు వచ్చి ‘రొయ్య చనిపోతోంది, మందివ్వండి’ అనే రైతుకు ఎవరూ ఏమీ చెప్పలేరు. చెరువు నీళ్లు తెచ్చి, పిల్ల వేసి ఎన్ని రోజులైందో, మేత ఎంత వేస్తున్నారో చెప్పిన రైతుకు మాత్రం సరైన సలహా దొరుకుతుంది.

మీ ఫొటోలోనే జవాబు సగం ఉంది. పైథాన్ ఎర్రర్ సందేశాన్ని కింది నుంచి చదవడం అలవాటు చేసుకోండి. చివరి వరుసలో ‘కీఎర్రర్’ అని, దాని పక్కన ‘డీఓ’ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అని ఉంది. అంటే ఆ పేరుతో కాలమ్ కనబడలేదని అర్థం. ఎక్సెల్‌లో శీర్షిక టైపు చేసినప్పుడు ‘డీఓ’ తర్వాత ఒక ఖాళీ పడి ఉండవచ్చు. కంటికి ఆ రెండూ ఒకేలా కనిపించినా పైథాన్‌కు అవి వేర్వేరు పేర్లు. కాలమ్ పేర్ల జాబితాను ప్రింట్ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య ఖాళీ ఉందేమో చూడండి. ఉంటే, పేర్లకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను తొలగించే ఒక్క వరుస చాలు.

అప్పటికీ తేలకపోతే పాత ప్రశ్ననే సవరించి, మళ్లీ తెరవమని అడగండి. ఏం చేయబోయారో, ఏం జరగాలనుకున్నారో, బదులుగా ఏం జరిగిందో, అంతవరకు ఏమేం ప్రయత్నించి చూశారో వరుసగా రాయండి. ఎర్రర్ సందేశాన్ని ఒక్క అక్షరం మార్చకుండా అక్షరరూపంలోనే పెట్టండి. పైథాన్ వెర్షన్‌నూ, పట్టికల డేటా కోసం అందులో వాడే పాండాస్ లైబ్రరీ వెర్షన్‌నూ తెలపండి. నాలుగు వందల వరుసల ప్రోగ్రామంతా కాకుండా, అదే ఎర్రర్ మళ్లీ వచ్చేలా పది పదిహేను వరుసలకు కుదించి ఇవ్వండి. ఇలా కుదిస్తున్నప్పుడే తప్పు దొరికిపోయి, ప్రశ్న అడగాల్సిన పనే లేకపోవడం ఈ రంగంలో అందరికీ అనుభవమే. పెట్టే ముందు డేటాబేస్ పాస్‌వర్డును, రైతుల పేర్లను, ఫోన్ నంబర్లను తప్పనిసరిగా తీసేయండి. పాస్‌వర్డు ఒకసారి బయటపడితే సందేశాన్ని చెరిపేసినంత మాత్రాన సరిపోదు, దాన్ని మార్చి తీరాలి. ఒకే ప్రశ్నను రెండుచోట్ల అడిగితే ఆ సంగతి రెండుచోట్లా చెప్పండి. లేకపోతే ఒకచోట తేలిపోయిన దాని మీద ఇంకొకచోట ఎవరో శ్రమపడుతూ ఉంటారు.

ఇంగ్లిష్ గురించి దిగులు వద్దు. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారి ఆన్‌లైన్ చర్చాబృందానికి ఒక చిన్న సందేశం రాశారు. ఆయన మాతృభాష స్వీడిష్. తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ 386, 486 రకం ప్రాసెసర్లున్న కంప్యూటర్ల కోసమని, బాష్ 1.08, జీసీసీ 1.40 అనే ప్రోగ్రాములు దానిపై నడుస్తున్నాయని చెప్పి, మినిక్స్‌లో మీకు నచ్చినవి, నచ్చనివి ఏమిటని అడిగారు. ఆ వ్యవస్థే తర్వాత లినక్స్ అయింది. యంత్రమేదో, వెర్షనేదో చెప్పిన ఆ స్పష్టత చిన్న చిన్న వాక్యాలతోనే సాధ్యం.

ఇక జూనియర్ల సంగతి. వారికి పూర్తి కోడ్ పంపకండి. అది వారి అసైన్‌మెంటును మీరు చేసిపెట్టడమే అవుతుంది. ‘ఎర్రర్ చివరి వరుస పంపు, ఇప్పటిదాకా ఏం చేసి చూశావో చెప్పు’ అని అడగండి. ‘ఇంత చిన్నది కూడా రాదా’ అన్న మాట మాత్రం ఎప్పుడూ రానివ్వకండి. అది విన్న పిల్లలు మరోసారి ఎవరినీ అడగరు, తెలియనితనాన్ని దాచుకుంటూ ఉద్యోగం వరకూ వెళ్తారు. రాత్రి వచ్చిన సందేశానికి ఉదయం జవాబివ్వడం తప్పు కాదు. విడివిడిగా కాకుండా క్లాసు గ్రూపులో అడగమనండి, ఒక్క జవాబు అందరికీ ఉపయోగపడుతుంది. మీకు తెలియనప్పుడు తెలియదనే చెప్పండి. ఏఐ ఇచ్చిన జవాబును స్వయంగా నడిపి చూడకుండా ఎవరికీ అంటగట్టవద్దు. నమ్మకంగా కనిపించే తప్పు జవాబుల వల్లనే 2022 డిసెంబరులో ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో చాట్‌జీపీటీతో రాసిన జవాబులను నిషేధించింది.

ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లో మీరు ఎక్కువగా చేసేది సీనియర్లను అడగడమే. అందుకని ప్రాజెక్టును, కోడ్‌ను దాచి పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టి, ఎదురైన ఎర్రర్లనూ పరిష్కారాలనూ ఇష్యూస్ విభాగంలో ఇప్పటినుంచే రాసుకుంటూ, ఆ లింకును రెజ్యూమెలో చేర్చండి. మీ ప్రశ్నకు సమాధానం దొరికాక, సమస్య దేనివల్ల వచ్చిందో, ఎలా తీరిందో అదే ప్రశ్న కింద రాసి, సాయపడినవారికి కృతజ్ఞతలు తెలపండి.