గడ్డంతో నడిపే జాయ్‌స్టిక్ ‘యాక్సెసరీ’ కాదమ్మా

ప్రశ్న: లాయరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లె. నాలుగు నెలల క్రితం మా ఆయన బైకు మీద సఖినేటిపల్లి నుంచి వస్తుంటే కాలవ గట్టు మలుపులో రొయ్యల వ్యాను గుద్దేసింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు కదలవు, చేతివేళ్లకి పట్టు లేదు. గడ్డంతో నడిపే బ్యాటరీ వీల్‌చైర్ కొన్నాం. బిల్లు 2,86,000 అయింది. అందులో గడ్డం జాయ్‌స్టిక్, దాని కమ్మీ, తల దగ్గరి బటన్, కంట్రోలర్ బాక్సు కలిపి 1,18,000. హెల్త్ పాలసీ వాళ్లు ‘వర్తించదు’ అని ఒక్క ముక్కలో తిప్పి పంపేశారు. నా గొలుసు, గాజులు తాకట్టులో ఉన్నాయి. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లమంటారా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు పంపిన బిల్లు ఫొటో పెద్దది చేసి రెండుసార్లు చదివాను. అందులో ఉన్నవి రెండే లైన్లు. ‘వీల్‌చైర్ – 1’. దాని కింద ‘యాక్సెసరీస్ – 1 సెట్’. ఆ రెండో లైను చూసినవాళ్లు ఏమనుకుంటారు? దిండో, సంచో, నీళ్ల సీసా పెట్టుకునే స్టాండో అనుకుంటారు. నిజానికి ఆ సెట్టు తీసేస్తే ఆ కుర్చీ మీ ఆయనకి కదలని మంచంతో సమానం. వేళ్లు చెయ్యాల్సిన పని ఇప్పుడు గడ్డం చేస్తోంది. మీరు ఎక్కడికి వెళ్లినా ముందు నిరూపించుకోవాల్సింది ఇదే. ఈ బిల్లు మాత్రం దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది.

ముందు హెల్త్ పాలసీ సంగతి. ఉన్నమాట చెబుతాను, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఆ పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యం ఖర్చుకి. ఇంట్లో వాడుకునే పరికరాలని చాలా పాలసీలు పేరుపెట్టి మరీ మినహాయిస్తాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ‘చెల్లించనవసరం లేని వస్తువుల’ జాబితాలో ‘వాకింగ్ ఎయిడ్స్’ (నడకకి సాయపడే పరికరాలు) అనే మాట కూడా ఉంది. అయినా ‘వర్తించదు’ అని ఊరుకుంటే కుదరదు. 2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిమ్ తిరస్కరిస్తే పాలసీలో ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాసి చెప్పాలి. ఆ షరతు నెంబరు అడుగుతూ ఈరోజే మెయిల్ పెట్టండి. మీ పాలసీలో వీల్‌చైర్ అని స్పష్టంగా లేకుండా ‘వాకింగ్ ఎయిడ్స్’ అని మాత్రమే ఉంటే వాదించడానికి చోటుంది. షరతులో మాట అస్పష్టంగా ఉంటే పాలసీదారుకి అనుకూలంగానే అర్థం చెప్పాలన్నది కోర్టులు ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రం.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ తిరస్కరించాక ఏడాది గడువు ఉంటుంది. (మన పక్కనే ఉన్న యానాం వాళ్లు పుదుచ్చేరి పాలనలో ఉన్నా వాళ్లకీ ఇదే ఆఫీసు.) మీరడిగిన కన్స్యూమర్ కోర్టుకి (కన్స్యూమర్ కమిషన్) రెండేళ్ల గడువుంది కాబట్టి దానికి తొందర లేదు.

తొందరపడాల్సింది వేరే ఉంది, మీరు దాని ఊసే ఎత్తలేదు. మీ ఆయన్ని గుద్దిన వ్యానుకి ఇన్సూరెన్స్ ఉంటుంది కదా! మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాద నష్టపరిహారం కేసు వెయ్యండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వెయ్యాలి. మీకు ఇప్పటికే నాలుగు నెలలు గడిచిపోయాయి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉంటున్న ప్రాంతం ట్రిబ్యునల్‌లోనే (ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు) వేసుకోవచ్చు. పోలీసులు 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి. ఇచ్చారో లేదో స్టేషన్‌లో కనుక్కుని కాపీ తీసుకోండి.

ఈ కేసులో ‘వాకింగ్ ఎయిడ్స్ మినహాయింపు’ లాంటి షరతులు అడ్డురావు. ప్రమాదం వల్ల మీ ఆయనకి ఏం అవసరమైంది, దానికెంత ఖర్చు, ఇవే చూస్తారు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు గాయపడినవాళ్లకి ఏయే పద్దుల కింద పరిహారం లెక్కగట్టాలో చెప్పింది. భవిష్యత్తు వైద్య ఖర్చులు కూడా అందులో ఒకటి. 2022లో మహమ్మద్ సబీర్ కేసులో, కృత్రిమ కాలు కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి, మరమ్మతులూ ఉంటాయి అని గుర్తించి వాటికీ డబ్బు ఇప్పించింది. మీ కుర్చీకీ అదే లెక్క అడగాలి. బ్యాటరీలు అరిగిపోతాయి. జాయ్‌స్టిక్ లోపలికి చెమ్మ దిగుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి వైర్ల కొనలు ఎంత తొందరగా చిలుం పడతాయో మీకు నేను చెప్పాలా! ఏ భాగం ఎన్నేళ్లు వస్తుంది, మార్చడానికి ఎంతవుతుంది అని షాపు నుంచి కొటేషన్ రాయించుకుని పిటిషన్‌కి జతచెయ్యండి. ఈరోజు కట్టిన 2,86,000 ఒక్కటే అడిగితే రేపటి ఖర్చంతా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక బిల్లు. నాలుగు వస్తువులకీ నాలుగు లైన్లు, వాటి పేర్లు, మోడల్ నెంబర్లు, విడివిడి ధరలతో తిరిగి రాయించండి. కొందరు అంతా కలిపి ఒకే ‘వీల్‌చైర్’ కింద రాయించమని సలహా ఇస్తారు, వినకండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి కేసులో అలాగే చేశారు. ‘మామూలు బ్యాటరీ కుర్చీ ఇందులో సగానికే వస్తుంది కదా’ అని ఎదుటి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే చూపించడానికి మా దగ్గర కాగితం లేదు. ట్రిబ్యునల్ మామూలు కుర్చీ ధరే ఇచ్చింది. ఆ కుర్రాడి తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బిల్లుకి తోడు డాక్టరు లెటర్ కావాలి. ‘వీల్‌చైర్ అవసరం’ అని రాసిస్తే చాలదు. మెడలో ఎక్కడ దెబ్బ తగిలింది, ఏ కండరం పనిచెయ్యడం లేదు, అందువల్ల చేతి జాయ్‌స్టిక్ ఎందుకు పనికిరాదు, గడ్డం జాయ్‌స్టిక్కూ తల బటనూ కంట్రోలరూ ఒక్కొక్కటీ ఎందుకు తప్పనిసరి అని ఫిజికల్ మెడిసిన్ డాక్టరు చేత రాయించండి. తర్వాత ట్రిబ్యునల్‌కి వచ్చి సాక్ష్యం చెప్పగలరా అని ముందే అడగండి. ఫోనులో ఒక వీడియో కూడా తియ్యండి. ముందు ఆయన చెయ్యి మామూలు జాయ్‌స్టిక్ మీద పెట్టి, అది జారిపోవడం కనిపించాలి. తర్వాత గడ్డంతో గుమ్మం దాటి వసారాలోకి రావడం. రెండు నిమిషాలు చాలు.

బిల్లులో ఇంకో తప్పు కూడా నా కంట్లో పడింది. కుర్చీ మీద 5 శాతం జీఎస్టీ వేసి, రెండో లైను మీద 18 శాతం వేశారు. దివ్యాంగుల కుర్చీల విడిభాగాలకి, అనుబంధ పరికరాలకి ఉన్న 28 శాతాన్ని 2018 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ 5 శాతానికి తగ్గించింది. 871420 అనే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకుకి ఇచ్చే నెంబరు) కింద వస్తాయి అవి. లక్ష రూపాయల సామానుకి 5,000 పడాల్సిన చోట 18,000 కట్టించుకున్నారు. బిల్లు సరిచేయించేటప్పుడే ఆ 13,000 వెనక్కి అడగండి.

ఆఖరుగా మీ ఆయన బైకు ఇన్సూరెన్స్ కాగితం తియ్యండి. అందులో ‘ఓనర్ డ్రైవర్ పీఏ కవర్’ (బండి నడిపే యజమానికి ప్రమాద బీమా) అని ఒక లైను, దాని ఎదురుగా ప్రీమియం అంకె ఉన్నాయేమో చూడండి. ఉండి, బండి ఆయన పేరునే ఉండి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే, శాశ్వత పూర్తి వైకల్యానికి 15 లక్షలు వస్తాయి. తప్పు ఎవరిదన్న ప్రశ్న లేదు, వీల్‌చైర్ బిల్లూ అక్కర్లేదు. ఆ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజెయ్యండి. జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డుకి వెళ్లి వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తెచ్చుకోండి. ఆ సర్టిఫికెట్ ఈ క్లెయిమ్‌కీ, ట్రిబ్యునల్ కేసుకీ రెండింటికీ కావాలి. అది చేతికి రావడం ఆలస్యమైనా సరే, దానికోసం ఆగకుండా ట్రిబ్యునల్‌లో పిటిషన్ ముందు వేసెయ్యండి, సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేసుకోవచ్చు.