తెరమీద నీ మాట నువ్వే చెప్పు

చిరంజీవి అమ్మలూకి,

అత్తయ్య ఆశీస్సులు. సినిమాల్లో నటిస్తానని నువ్వు పట్టుబట్టి కూర్చున్నావని అన్నయ్య ఫోనులో చెప్పాడు. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏళ్ల తరబడి కథానాయికల పెదవులకు నా గొంతు అరువిచ్చినదాన్ని కనుక ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నీ డబ్బింగ్ నువ్వే చెప్పుకో.

భాష రాని అమ్మాయి షూటింగులో ఏదో పలికి వెళ్లిపోతుంది. ప, బ, మ అక్షరాలకు పెదవులు కలవాలి కదా! తెరమీద ఆమె పెదవులు కలిసిన చోట రచయిత రాసిన ‘వెళ్తాను’ అతకదు. దాన్ని ‘పోతాను’ అని మార్చేవాళ్లం. పాత్ర స్వభావానికి ఏ మాట తగునన్నది వెనక్కి పోయేది. ఏడుపు ఆమెది, ఎగశ్వాస నాది. ఎంత బాగా చెప్పినా ఆ నటన రెండు ముక్కలే.

భానుమతిగారిని చూడు. 1939లో సి. పుల్లయ్యగారి ‘వరవిక్రయం’లో కాళిందిగా తెరకెక్కినప్పుడు ఇంకా చిన్నపిల్ల. తండ్రి దగ్గరే సంగీతం నేర్చుకున్నారు. ‘స్వర్గసీమ’లోనూ, ‘మల్లీశ్వరి’లోనూ మాటా పాటా రెండూ ఆవిడవే. ‘మిస్సమ్మ’ చేజారి సావిత్రిగారికి వెళ్లినా ఆవిడ ప్రాభవం తగ్గలేదు. అప్పటికే భర్తతో కలిసి భరణి అనే సినిమా నిర్మాణ సంస్థ నడుపుతున్నారు, 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్టు చేశారు. అత్తగారి కథలు రాసిన చేయి కూడా అదే. ఒక వేషం పోతే బతుకు ఆగిపోని స్థితి ఆవిడ కల్పించుకున్నారు. నాకు అందం కన్నా అదే గొప్పగా తోస్తుంది.

నువ్వు చేయవలసింది రోజూ పత్రికలో ఒక పేజీ పైకి చదవడం. ఫోనులో రికార్డు చేసి విను. ల, ళ తేడా నీకు ఇంకా పట్టుబడలేదు, శ దగ్గరా తడబడతావు. అవకాశం వస్తే సంతకానికి ముందే డబ్బింగ్ ఎవరు చెబుతారో అడుగు, ఒప్పందంలో రాయించుకో. గొంతు బాగాలేదంటే నొచ్చుకోకుండా ఒక్క సన్నివేశానికి వాయిస్ టెస్టు పెట్టమని కోరు. పారితోషికం సంగతి నాన్నతో కూర్చుని చూసుకో, అది నాకన్నా వాడికే బాగా తెలుసు.

వచ్చే నెల ఊరికి వస్తాను. ఆలోగా ‘వరవిక్రయం’ నాటకం సంపాదించి కాళింది మాటలు సాధన చేసి ఉంచు. కళ్లు మూసుకుని వింటాను.

మీ అత్తయ్య