ఇద్దరు పిల్లలతో బీఈడీ చేయగలనా?

"పెళ్లయి పదేళ్లయింది, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. డిగ్రీ చేశాను. ఇప్పుడు బీఈడీ చేయగలనా, దూరవిద్యలో అయితే మేలా?" అని అడిగారు.

చేయగలరు. కానీ దూరవిద్య బీఈడీకి ముందే డీఈడీ లాంటి టీచర్ ట్రైనింగ్ అయి ఉండాలి, ఉత్త డిగ్రీతో సీటు రాదు. కాబట్టి మీకు దారి బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్, రెగ్యులర్ కాలేజీ. ఎడ్‌సెట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఆ టెన్షన్ వదిలేయండి.

అసలు చిక్కంతా అటెండెన్స్ దగ్గరే. 2015 నుంచి బీఈడీ రెండేళ్లు. క్లాసులకు 80 శాతం, బడిలో పాఠాలు చెప్పి నేర్చుకునే స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండి తీరాలి. ఇంట్లో ఒకడికి ఆటలమ్మ పోస్తే, వాడికి తగ్గేసరికి చిన్నదానికి అంటుకుంటుంది. నాకు సరిగ్గా అదే జరిగింది. హాజరు తగ్గిందని కాలేజీవాళ్లు పేరెంట్‌ను తీసుకురమ్మన్నారు. "సార్, నేనే ఇద్దరు పిల్లల తల్లిని" అన్నా వినలేదు, రూలంటే రూలేనట.

మా నాన్నకు డెబ్బై దాటాయి. మధిర దగ్గరి పల్లె నుంచి తెల్లారకముందే బయల్దేరి ఖమ్మం వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మనవళ్లకని జామకాయల సంచి. ఆఫీసు గది బయట బెంచీ మీద నా క్లాస్‌మేట్ల తండ్రులతో పాటు కూర్చోబెట్టారు. వాళ్లలో కొందరు ఆయనకు కొడుకు వయసువాళ్లు. లోపల ఆ సారు "మీ అమ్మాయి క్లాసులకు సరిగ్గా రావట్లేదండీ" అని మొదలుపెట్టి అంతా చెప్పారు. నాన్న చివరిదాకా విన్నారు.

"పిల్లాడికి ఒళ్లంతా పొక్కులు సార్. అప్పుడు తల్లి ఎక్కడుండాలో మీరే చెప్పండి" అన్నారు. గొంతు పెంచలేదు. సారు రిజిస్టర్ మూసేసి మెడికల్ సర్టిఫికెట్ ఉంటే ఇవ్వమన్నారు. ఆ మాట ముందే నాతో అని ఉంటే పెద్దాయనకు ఆ ప్రయాణం తప్పేది కదా! నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు పెట్టుకోమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) యూనివర్సిటీలకు రాసింది. సంతోషం. మరి పుట్టిన పిల్లలకు జబ్బు చేస్తే? 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట వాళ్ల పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చట్టం సవరించారు. అది ఉద్యోగినులకే, చదువుకునే తల్లులకు కాదు. కాలేజీలో ఒక గది, ఒక ఆయా, ఇంతేగా కావాల్సింది!

ఇంకొకటి. నేను చదివినన్నాళ్లూ చుట్టాలందరూ "మీ ఆయన దేవుడమ్మా, చదివిస్తున్నాడు" అనేవాళ్లు. తన పిల్లలకు తను అన్నం కలిపి పెడితే దేవుడైపోతారా? తెల్లవారుజామున వంట చేసి, రాత్రి పదకొండింటికి లెసన్ ప్లాన్లు రాసుకున్న మనిషిని ఒక్కరూ మెచ్చుకోలేదు. మీకూ ఇవే మాటలు వినిపిస్తాయి, చెవిన పెట్టకండి.

చేరేముందు కాలేజీకి వెళ్లి, పిల్లలకు బాగోలేకపోతే సెలవు ఎలా ఇస్తారో నేరుగా అడగండి. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు, మీ పిల్లల బడికి దగ్గరి స్కూలు ఇమ్మని ముందుగానే అర్జీ పెట్టండి. మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడల్లా జిరాక్స్ మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి.